ఆకుపచ్చ దుప్పట్లు

వాగు కొండ నడుము దాకా అన్ని వాగుల్లాగే పారుతుంది. అక్కడొక పెద్ద గుంట. అందులోకి దూకిందంటే ఇక కనబడదు. ఎక్కడికి పోతుందన్నదే తగాదా.

ఆ కొండలోని సున్నపురాయిని పేల్చి తవ్వుకుంటామని ఒక కంపెనీ వచ్చింది. తవ్వుకోండి, ఊరి నీళ్లకేమీ కాదు, కొండకీ ఊరికీ మధ్య నేల లోపల పలకరాయి గోడలా అడ్డుంది, వాగు నీళ్లు అవతలి లోయలోకే పోతాయి అన్నారు మ్యాపు మాస్టారు. నేల లోపలి రాళ్ల మ్యాపు గీసింది ఆయనే మరి. కాదు, ఆ గోడకి ఎక్కడో కన్నముంది, నీళ్లు ఊరి కిందికే వస్తున్నాయి అంది నీళ్ల డాక్టరు. భూగర్భ జలాల మీద పరిశోధన చేస్తుందని అందరూ ఆమెని అలా పిలుస్తారు. ఆమె మాస్టారికి సొంత అక్క కూతురు. నిండు సభలో మేనమామ మాటని కాదంది.

పోయిన వారం మనం వాళ్లని ఆ గుంట అంచున చూశాం. ఆమె రంగునీళ్లు గుమ్మరించింది. వాగు ఒక్కసారి ఆకుపచ్చగా తళతళలాడి నేలలోకి జారిపోయింది. మామయ్య గొడుగు ముడుచుకుని కొండ దిగి వెళ్లిపోయాడు.

ఇక ఆ రంగు ఎక్కడ తేలుతుందా అని ఎదురుచూపులే.

* * *

నీళ్ల డాక్టరు ప్రయోగశాలలో కుర్చీలో కూలబడి ఉంది. ముందు బల్లమీద తడి ఆరని బొగ్గు సంచులు. గుప్పెట్లో పట్టేంత చిన్నవి. నీళ్లలో రంగు కంటికి ఆననంత పలచగా ఉన్నా ఆ బొగ్గు పట్టేసుకుంటుంది. రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదని వాటిని నీళ్లలో వేలాడదీసే పని, తిరిగి తీసే పని మామయ్యకే అప్పజెప్పింది. రంగు పోసిన చేతులు నమూనాల్ని ముట్టుకోకూడదన్నది ఆమె పెట్టిన షరతే.

ఊరంతా తాగే పెద్ద ఊటలో వేసిన సంచుల్లో ఏమీ లేదు. అవతలి లోయలో వేసిన సంచుల్లోనూ ఏమీ లేదు. అంత రంగూ కొండ కడుపులో అరిగిపోయినట్టు ఎక్కడా జాడే లేదు.

"ఇవాళ మధ్యాహ్నం మీ మామయ్య కంపెనీ అనుమతి కాగితం మీద సంతకం పెట్టేస్తారు" అన్నాడు గబ్బిలం, కిటికీలో కూర్చుని కాళ్లు ఊపుతూ. కొండ గుహల్లో గబ్బిలాలు ఎలా బతుకుతాయో చదవడం అతని పని. ఆ పేరు ఎంతగా అంటుకుపోయిందంటే అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి కూడా చూడడు. రంగు డబ్బాలు కొండమీదికి మోసింది అతనే. గోళ్ల సందుల్లో పచ్చదనం ఇంకా వదల్లేదు.

"లోయలోనూ రాలేదుగా! ఆయన మాట మాత్రం రుజువైందా?"

"ఆయన మాట ఎప్పట్నుంచో ఉన్నది. కొత్తమాట నీది. రుజువు నువ్వే చూపించాలి."

ఆమెకి కోపం వచ్చింది. అది గబ్బిలం మీద కాదని అతనికీ తెలుసు, అందుకే కాళ్లు ఊపుతూనే ఉన్నాడు.

అప్పుడు ఫోను మోగింది. అత్తయ్య.

"అమ్మడూ, నువ్వు కొండమీద పోసిన రంగు ఏ రంగే?"

"ఆకుపచ్చ. ఏం అత్తయ్యా?"

"మామూలు ఆకుపచ్చా, చిలకపచ్చా?"

"చిలకపచ్చే అనుకో. ఎందుకు?"

"ఎందుకేమిటి నా మొహం! తొందరగా రా. నా దుప్పట్లన్నీ చిలకలైపోయాయి."

* * *

అత్తయ్య ఆసుపత్రి లాండ్రీకి ఇన్‌చార్జి. ఆవిడ లాండ్రీ అంటే మాటలు కాదు. అక్కడ ఉతికిన దుప్పటి మీద మచ్చ కనబడితే పెద్ద డాక్టరే ఆవిడ ఎదుట నిలబడి నసుగుతాడు. ఆసుపత్రి వెనకవైపు పొడుగాటి రేకుల షెడ్డు, లోపల గుండ్రంగా తిరిగే పెద్ద పెద్ద ఉతికే మిషన్లు, బయట ఎండలో తీగల వరసలు. మామూలు రోజుల్లో ఆ తీగలకేసి చూస్తే కళ్లు జిగేలుమంటాయి.

ఇవాళ వాకిట్లో అడుగు పెట్టగానే నీళ్ల డాక్టరు ఆగిపోయింది.

ఈ చివర నుంచి ఆ చివర దాకా దుప్పట్లు. గాలికి ఉబ్బుతూ, సోలుతూ, ఎండ పడ్డ చోటల్లా లేత ఆకుల్లా మెరుస్తున్నాయి. దిండు గలీబులు ఆకుపచ్చ. డాక్టర్ల కోట్లు ఆకుపచ్చ. తీగ చివర ఒంటరిగా వేలాడుతున్న పెద్ద డాక్టరుగారి చేతిరుమాలు కూడా ఆకుపచ్చే.

"అబ్బ!" అన్నాడు గబ్బిలం.

నీళ్ల డాక్టరు నవ్వింది. ముందు చిన్నగా, తరువాత ఆపుకోలేక. నవ్వుతూనే అత్తయ్యని వాటేసుకోబోయి, ఆవిడకి అంగుళం దూరంలో చేతులు వెనక్కి లాక్కుంది.

"నన్ను ముట్టుకోకు అత్తయ్యా! దేన్నీ ముట్టుకోనివ్వకు నన్ను!"

"పిచ్చిగానీ పట్టిందా? ఈ రంగు విషం కాదు కదా? ముందది చెప్పు."

"కాదు. తాగినా ఏమీ కాదు. రెండు ఉతుకులకి పోతుంది. ఈ నీళ్లు ఎక్కడివి?"

"ఎక్కడివేమిటి, మా పెరట్లో బోరువే. ఊటనీళ్లు వంటకీ తాగడానికీ, బోరునీళ్లు బట్టలకీ. ఎప్పట్నుంచో అంతే."

ఆసుపత్రి బోరు! పలకరాయి గోడకి బాగా ఇవతల, ఊరికి ఈ చివర. ఇంత దూరం కొండనీళ్లు వస్తాయని ఆమె కూడా అనుకోలేదు. అందుకే ఇక్కడ ఒక్క బొగ్గు సంచీ వేయించలేదు. ఆమె మనసులో లెక్క వేసుకుంది. మైళ్ల దూరం. ఇంత చిక్కటి రంగు. సన్నటి పగుళ్లలోంచి ఊరుతూ వస్తే ఇంత రంగు మిగలదే!

"మామయ్యకి చెప్పాలి" అంది.

"చెప్పాను. వస్తున్నారు" అంది అత్తయ్య, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ. "ఇద్దరూ నా ఎదురుగానే తేల్చుకోండి. అన్నం దగ్గర మీ రాళ్ల గొడవ విని విని నా పళ్లెంలో కూడా రాళ్లే కనిపిస్తున్నాయి."

* * *

మామయ్య వచ్చాడు. ఎండలో కూడా కోటు బొత్తాలన్నీ పెట్టుకునే మనిషి. గేటు దగ్గరే ఆగి తీగల వంక చాలాసేపు చూశాడు. నెమ్మదిగా నడిచి వచ్చి, ఒక దుప్పటి అంచు రెండు వేళ్లతో పట్టుకుని, వదిలేశాడు.

"ఆ రోజు కొండ దిగి మా ఇంట్లోనే భోంచేశావు కదూ?" అని మేనకోడల్ని అడిగాడు.

"అవును."

"నీ చున్నీ మీద రంగు పడిందని మీ అత్తయ్య నానబెట్టింది కదూ?"

ఏం చెప్పబోతున్నాడో ఆమెకి అర్థమైంది. నవ్వు ఎక్కడికో పోయింది.

"మామయ్యా, చున్నీ మీద పడ్డ నాలుగు చుక్కలకి ఇన్ని దుప్పట్లు పచ్చబడవు."

"నాలుగు చుక్కలో, నలభయ్యో! డబ్బాలు మోసినవాడు ఇదిగో, గోళ్ల నిండా రంగు పెట్టుకుని నీ పక్కనే నిలబడ్డాడు. వీడు ఈ వాకిట్లోకి రావడం ఇదే మొదటిసారా?"

గబ్బిలం చేతులు జేబుల్లో దోపుకున్నాడు. "అత్తయ్యగారు పిలిస్తే పకోడీలకి వస్తుంటాను సార్. రంగు మోసినప్పట్నుంచి మాత్రం రాలేదు."

"ఆపండి" అంది అత్తయ్య. ఆవిడ గొంతు పెంచలేదు, కానీ పెంచినంత పనీ అయింది. "ఏమండీ, మన ఇంటి బట్టలు తెచ్చి ఆసుపత్రి మిషన్లో ఉతుకుతానా నేను? ఇన్నేళ్ల కాపురంలో మీకు నా గురించి తెలిసింది ఇదేనా?"

"నిన్నెవరన్నారు?"

"నన్నే అన్నారు. దాని చున్నీ అన్నారు, వాడి గోళ్లు అన్నారు. ఆ రెండూ ఇక్కడికి రావాలంటే నా చేతుల మీదుగానే రావాలి."

నీళ్ల డాక్టరు ముందుకొచ్చింది.

"అత్తయ్యా, మామయ్య అడిగింది సబబే. ఆయన చోట నేనున్నా అదే అడుగుతాను." తరువాత ఆయనవైపు తిరిగింది. "నేనూ గబ్బిలం గేటు బయటే నిలబడతాం. నువ్వే చేతులు కడుక్కో. మూత తియ్యని కొత్త సీసా తీసుకో. మిషన్లకి, తొట్టెకి రాకముందే, పంపు దగ్గరే నీళ్లు పట్టు. మా జీపులో ఊదారంగు దీపం ఉంది, దాని కింద నువ్వే పెట్టి చూడు. నువ్వేం చెబితే అది."

"నేనేం చెబితే అదా?"

"నీ కళ్లని నమ్మకపోతే ఇంకెవరి కళ్లని నమ్మాలి? నాకు రాయిని చూడటం నేర్పింది ఎవరు?"

ఆ మాట ఆయనకి ఎక్కడో తగిలింది. చిన్నప్పుడు ఆమె గౌను జేబుల్లో గులకరాళ్లు నింపి, ఒక్కొక్కటీ తీయించి, ఇది ఏట్లో పుట్టింది, ఇది నిప్పులో పుట్టింది అని చెప్పించిన మనిషి ఆయన. జేబులు చిరిగిపోతున్నాయని వాళ్లమ్మ పోట్లాడితే, కుట్టేవాళ్లకి పని దొరుకుతుందిలే అక్కా అని నవ్వేవాడు. సభ జరిగిన నాటి నుంచి మాత్రం ఆమెకేసి చూసి నవ్వలేదు.

ఆయన కోటు విప్పి అత్తయ్య చేతికిచ్చాడు.

* * *

గేటు బయట నిలబడి చూడటం కంటే కష్టమైన పని ఆమె అంతవరకు చెయ్యలేదు. మామయ్య మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకున్నాడు. ఊటనీళ్లు ఒక సీసాలో పట్టాడు, పంపు దగ్గర బోరునీళ్లు ఇంకో సీసాలో. రెంటినీ ఎండకేసి పట్టి చూశాడు. తరువాత దుప్పట్లు దాచే గదిలోకి వెళ్లాడు. ఆ గదికి కిటికీ లేదు, తలుపు వేస్తే కటిక చీకటి. అత్తయ్య ఊదారంగు దీపం పట్టుకుని ఆయన వెనకే వెళ్లి తలుపు దగ్గరికి వేసింది. ఆ దీపపు వెలుగులో మామూలు నీళ్లు నల్లగానే ఉంటాయి. రంగున్న నీళ్లు తమంతట తామే వెలుగుతాయి.

తలుపు తెరుచుకోలేదు.

"ఏం చేస్తున్నారు లోపల?" అన్నాడు గబ్బిలం.

"మాట్లాడకు."

"సీసా కింద పడిందంటావా?"

"మాట్లాడకన్నానా?"

తలుపు తెరుచుకుంది. మామయ్య బయటికి రాలేదు. అత్తయ్య తల బయటపెట్టి చెయ్యి ఊపింది. ఇద్దరూ పరుగెత్తారు.

మామయ్య ఉతికిన గుడ్డల బుట్ట మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా స్టూలు మీద రెండు సీసాలు. ఒకటి చీకట్లో కలిసిపోయింది. రెండోది దాని పక్కనే, లోపల మిణుగురుల్ని నింపినట్టు భగ్గుమంటోంది. ఆ వెలుగు ఆయన మొహం మీద, తెల్ల మీసం మీద, చొక్కా మీద పడుతోంది.

"మూడుసార్లు పట్టారు" అంది అత్తయ్య మెల్లగా. "మూడుసార్లూ ఇంతే."

నీళ్ల డాక్టరు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. గెలిచానని అరవాలనిపించింది. ఆయన వంక చూసి మానుకుంది.

"అందరి ముందూ అన్నావు" అన్నాడు మామయ్య, సీసా మీంచి చూపు తిప్పకుండా. "మామయ్య గీత తప్పని. ముందు నాకొక్కడికే చెప్పి ఉంటే..."

"చెప్పాను మామయ్యా."

"ఎప్పుడు?"

"మీ వరండాలో. ఈ ఊటనీళ్లు వాన పడ్డ మర్నాడే ఎందుకు బురదెక్కుతున్నాయి, గోడుంటే అంత తొందరగా ఎలా వస్తాయి అన్నాను. నువ్వు టీ తాగుతూ నవ్వావు. అమ్మడూ, నువ్వింకా చిన్నదానివన్నావు."

మామయ్య చెయ్యి చాచి సీసా తీసుకున్నాడు. ఇటూ అటూ వంచాడు. వెలుగు అందులో ఇటూ అటూ ఊగింది. ఉన్నట్టుండి ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని ఆమె గబగబా ఒక అడుగు వేసింది.

ఆయన నవ్వుతున్నాడు.

"ఎంత చిక్కగా ఉందో చూశావుటే? ఇది పగుళ్లలోంచి వచ్చింది కాదు. ఒక్క చుక్క కూడా దారిలో విడిపోలేదు. దీనికి దారుంది. మనిషి నడిచేంత దారి!" లేచి నిలబడ్డాడు. ఏళ్లు వెనక్కి పోయినట్టు కళ్లు మిలమిలలాడుతున్నాయి. "గోడ ఉంది, అది అబద్ధం కాదు. నేను బోరు వేసిన ప్రతిచోటా తగిలింది. కానీ ఒక బోరుకీ ఇంకో బోరుకీ మధ్య ఏముందో చూడకుండా గీత కలిపేశాను. ఆ మధ్యలోంచే దూరింది దొంగముండ! ఊరి కింద ఏరు పారుతోంది అమ్మడూ! మన కాళ్ల కింద!"

"మాట తిన్నగా రానివ్వండి, పిల్లలున్నారు" అంది అత్తయ్య. కానీ ఆవిడా నవ్వుతోంది.

మామయ్య అక్కడికక్కడే జేబులోంచి ఫోను తీశాడు. కంపెనీ మేనేజరుకి.

"నేనేనండీ. సంతకం పెట్టడం లేదు... లేదు, వాయిదా కాదు. పెట్టనంటున్నాను... మ్యాపులో ఉందా? ఉంటుంది, అది నేను గీసిందే. తప్పు గీశాను... మీకు కోపం రావడం న్యాయమే. వచ్చి మా దుప్పట్లు చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం... దుప్పట్లండీ, దుప్పట్లు!"

ఫోను జేబులో వేసుకుని, మేనకోడలి నెత్తిన చెయ్యి పెట్టాడు. ముట్టుకోకూడదన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

* * *

ఇంత జరుగుతుంటే గబ్బిలం ఎక్కడ?

పంపు గదిలోంచి కేక వినిపించింది. ఏ పామో కరిచిందేమోనని అందరూ అటు పరుగెత్తారు. అతను నేలమీద బోర్లా పడుకుని, తెల్లటి పింగాణీ పళ్లెంలోకి ముక్కు ఆనేంత దగ్గరగా చూస్తున్నాడు.

"జల్లెడ విప్పాను" అన్నాడు తల ఎత్తకుండా. "పంపు నీళ్లలో చెత్త రాకుండా పెట్టే జల్లెడ. ఊరికే, ఏముందో చూద్దామని. ఎవరూ గట్టిగా ఊపిరి పీల్చకండి."

పళ్లెంలో రెండు చెంచాల నీళ్లు. అందులో ఏమీ లేదు. కాదు, ఏదో ఉంది. బియ్యపు గింజ కంటే కాస్త పొడుగు, గాజులా తేటగా. మీసాలు మాత్రం దాని ఒంటికి రెండింతలున్నాయి. ఆ మీసాలు నెమ్మదిగా అటూ ఇటూ తడుముతూ పళ్లెం అంచుని వెతుకుతున్నాయి.

"రొయ్యా?" అంది అత్తయ్య.

"రొయ్యే. కళ్లు చూడండి అత్తయ్యగారూ."

"ఏవీ కళ్లు?"

"అదే చెబుతున్నాను. లేవు!" గబ్బిలం లేచి కూర్చున్నాడు. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి. "వెలుగే ఎరగని చోట, తరాలూ, వాటి వెనక తరాలూ, ఎన్ని వేల ఏళ్లో, బతుకుతూ వచ్చి ఉండాలి ఇవి. కళ్లతో పని లేదు, పోయాయి. రంగుతో పని లేదు, పోయింది. నేను ఇన్ని గుహలు తిరిగాను, ఇలాంటిదాన్ని ఒక్కదాన్ని చూడలేదు. అసలు ఎవరైనా చూశారో లేదో! పైగా ఇది ఒక్కటే బతకదు. దీనికి తిండి ఉండాలి. ఆ తిండికి తిండి ఉండాలి. అక్కడ కింద ఒక అడవి ఉంది సార్! చెట్లు లేని అడవి!"

"గుహల నుంచి కొట్టుకొచ్చే ఆకులూ, గబ్బిలాల రెట్టా..." అని మొదలుపెట్టింది నీళ్ల డాక్టరు.

"నా గబ్బిలాల రెట్టే దీని అన్నం! కొండ పేల్చేస్తే గబ్బిలాలు పోతాయి, గబ్బిలాలు పోతే ఇది పోతుంది. ఇన్నాళ్లూ నువ్వూ నేనూ వేరే వేరే పనులు చేస్తున్నామనుకున్నాం. ఇద్దరిదీ ఒకటే ఇల్లు!"

అత్తయ్య పళ్లెం మీద చేతిగుడ్డ నీడ పట్టింది. "ఎండ తగలనీయకండి పాపం. చీకట్లో పుట్టిన పిల్ల" అని, "నా జల్లెడలో ఇన్నాళ్లూ ఎన్ని పడి పోయాయో" అంది బాధగా.

మామయ్య పళ్లెం వంక చూడటం లేదు. పంపు గది వెనక తలుపులోంచి, బయట గోడవారగా ఉన్న ఇనప మూత వంక చూస్తున్నాడు.

"అదేమిటి?"

"పాత బోరు. మోటారు కాలిపోయి ఎత్తేశారు. పక్కన కొత్తది వేయించుకుని దీనికి మూత బిగించారు" అంది అత్తయ్య.

మామా, మేనకోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"జీపులో కెమెరా ఉంది" అన్నారిద్దరూ ఒక్కసారే.

* * *

బోరు కెమెరా అరచెయ్యంత పొడుగు స్టీలు గొట్టం. చుట్టూ దీపాలు, వెనక పొడుగాటి తీగ. కింద ఏం కనబడితే అది పైన చిన్న తెరమీద పడుతుంది. ఎటు తిప్పితే అటు చూస్తుంది, ఏ దిక్కున చూస్తోందో తెర మూల చూపిస్తుంది. గబ్బిలం తీగ వదులుతుంటే, నీళ్ల డాక్టరు తెర పట్టుకుంది. మామయ్య ఆమె భుజం మీంచి వంగాడు. ఎండకి తెర కనబడక అత్తయ్య ఒక ఆకుపచ్చ దుప్పటి తెచ్చి అందరి నెత్తిమీదా కప్పింది. ఆ గుడారంలో నలుగురి ఊపిరీ వేడిగా కలిసిపోయింది.

తుప్పు పట్టిన గొట్టం. ఇంకా గొట్టం. తరువాత రాయి.

"సున్నపురాయి" అన్నాడు మామయ్య. "బూడిదరంగు పొర చూడు. దాని కింద నల్లగీత. ఇంకా వదులు... ఇంకా..."

రాయి దిగుతూనే ఉంది. తడి మెరుపు. ఒక పగులు. ఇంకో పగులు. ఉన్నట్టుండి తెర నల్లగా అయిపోయింది.

"దీపం పోయింది!" అంది అత్తయ్య.

"పోలేదు" అంది నీళ్ల డాక్టరు. "దీపం ఉంది. వెలుగు పడటానికి గోడే లేదు."

కెమెరా ఖాళీలో వేలాడుతోంది. ఇంకా వదిలేసరికి కింద ఏదో మినుకుమంది. నీళ్లు. పారుతున్న నీళ్లు. దీపపు కాంతి పడ్డ చోట ఆ నీళ్లు చిలకపచ్చగా మెరిసి చీకట్లోకి జారిపోతున్నాయి.

దుప్పటి కింద మామయ్య చెయ్యి ఆమె మణికట్టుని నొప్పి పుట్టేలా పట్టుకుంది. ఆయనకి ఆ సంగతి తెలియదు.

"తిప్పు" అన్నాడు. "నెమ్మదిగా తిప్పు."

గబ్బిలం తిప్పాడు. ఒక వైపు గోడ కనబడింది. మైనం కరిగి గడ్డకట్టినట్టు రాతి తెరలు పైనుంచి కిందికి జారి ఉన్నాయి, తేనెరంగులో, ఒకదాని వెనక ఒకటి. ఇంత అందమైన చోటు ఆసుపత్రి పెరటి కింద ఉందని ఎవరనుకుంటారు? గబ్బిలం ఈల వేశాడు. నీళ్ల డాక్టరు కళ్లు తుడుచుకుంది. మనుషులెవరూ చూడని ఏటిని చూడటం ఆమె జీవితంలో ఇదే మొదటిసారి.

"ఇటు పడమర" అన్నాడు మామయ్య తెర మూల చూస్తూ. "కొండవైపు. ఇక్కణ్నుంచే వస్తోంది. ఇప్పుడు అటు తిప్పు, ఎటు పోతోందో చూద్దాం."

కెమెరా తిరిగింది. ఇటువైపు గుహ ఇంకా పెద్దది. కప్పు పైకి లేచి గుమ్మటంలా ఉంది. కానీ రాతి తెరలు లేవు. తేనెరంగు లేదు. కప్పు అంతా తెల్లగా, గరుకుగా, అప్పుడే విరిగిన బిస్కెట్టులా ఉంది. కింద నీళ్లలో బండలు గుట్టగా పడి ఉన్నాయి. వాటి అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి.

మామయ్య పట్టు బిగిసింది.

"ఇది ఈమధ్య రాలింది" అన్నాడు నెమ్మదిగా.

"ఎంత ఈమధ్య?" అంది అత్తయ్య.

జవాబు తెరే చెప్పింది. పైనుంచి పిడికిలంత రాయి ఊడి, దీపం ముందు మెరిసి, నీళ్లలో పడింది. తరంగాలు చీకట్లోకి వెళ్లాయి. ఇంకొకటి రాలింది.

"పైకి. కెమెరాని పైకి చూడనియ్యి" అంది నీళ్ల డాక్టరు.

గబ్బిలం తీగ మెలిపెట్టాడు. తెరమీద తెల్ల కప్పు ఊగింది, నిలిచింది. దాని మధ్యలో ఏదో ఉంది. రాయి కాదు. రాయి అంత గుండ్రంగా, అంత తిన్నగా ఉండదు. బూడిదరంగు సిమెంటు స్తంభం ఒకటి కప్పులోంచి పొడుచుకొచ్చి ఉంది. చుట్టూ ఉన్న రాయి ఊడిపోయింది. స్తంభం అడుగు చుట్టూ చీకటి. కింద దానికి ఆనిక లేదు, గాలి తప్ప. పక్కనే ఇంకొకటి. దాని అడుగున వంగిన ఇనప ఊచలు.

"పునాది" అన్నాడు మామయ్య. "ఎవరిదో భవనం పునాది. అది ఏ దిక్కు?"

నీళ్ల డాక్టరు తెర మూల చూసింది. "తూర్పు. కాస్త ఈశాన్యం. మనకి దగ్గర్లోనే."

అత్తయ్య దుప్పటి ఎత్తింది. భళ్లున ఎండ. నలుగురూ కళ్లు చిట్లించి ఆ దిక్కుకి తిరిగారు. తీగల అవతల, కొత్తగా సున్నం వేసిన రెండంతస్తుల గోడ. కిటికీలకి రంగురంగుల కాగితపు పక్షులు అతికించి ఉన్నాయి. పై కిటికీలోంచి, తలకి కట్టు కట్టిన చిన్న పాప ఒకతి, ఆకుపచ్చ దుప్పట్లని చూసి చప్పట్లు కొడుతోంది.

"పిల్లల వార్డు" అంది అత్తయ్య.

ఆ మాట ఎవరితోనూ అన్నది కాదు. అప్పటికే ఆవిడ చెప్పులు అక్కడే విడిచేసి, తడి దుప్పట్లని రెండు చేతులా తోసుకుంటూ ఆ గోడవైపు పరుగెడుతోంది. ఆవిడ వెనక తెరమీద మూడో రాయి ఊడిపడింది. ఇది చిన్నది కాదు. ఈసారి చప్పుడు కూడా వచ్చింది, కాళ్ల కిందనుంచి.